చెరసాలలో చిక్కిన తీరిక

1931లో హిందీలో ఒక చిన్న పుస్తకం వెలువడినది. పేరు 'పితా కే పత్ర్ పుత్రీ కే నామ్' - అనగా తండ్రి కుమార్తెకు వ్రాసిన ఉత్తరాలు. వ్రాసిన తండ్రి జవహర్‌లాల్ నెహ్రూ. ఇంగ్లీషు నుండి వాటిని హిందీ చేసినవారు ప్రేమ్‌చంద్. ఆ ఇద్దరిలో ఎవరికి పని ఎక్కువగా ఉండినదో చెప్పుట కష్టం. ఒకరు సభలకూ చెరసాలలకూ నడుమ కాలం గడుపుతున్నవారు. రెండవవారు 'హంస' పత్రికను నడుపుతూ, ముద్రాలయపు అప్పులతో పెనగులాడుతూ, నవల వెంట నవల వ్రాస్తున్నవారు. ఒకరికి పదేండ్ల పిల్లకు ఉత్తరాలు వ్రాయుటకు, మరొకరికి ఆ ఉత్తరాలను అనువదించుటకు తీరిక ఎక్కడ నుండి వచ్చినది? నేను ఆ పుస్తకాన్ని మొదట హిందీలోనే చదివినాను. ఇంగ్లీషు మూలం తరువాత చూచినాను. ఈ ప్రశ్న మాత్రం రెండు పఠనాలలోనూ నాతోనే ఉన్నది.

1928 వేసవిలో ఇందిర మస్సూరీ కొండమీద ఉండినది. తండ్రి అలహాబాదు ఎండలలో ఉండినారు. ఆయన ఆనాడు కాంగ్రెసుకు ప్రధాన కార్యదర్శి. సైమన్ కమిషను బహిష్కారం దేశమంతటా సాగుతున్న సంవత్సరమది. ఆ ఏటి చివర లక్నోలో ఆయన పోలీసుల లాఠీదెబ్బలు కూడ తినినారు. అట్టి వేసవిలో ఆయన కుమార్తెకు సుమారు ముప్పది ఉత్తరాలు వ్రాసినారు. వాటిలో ఇంటి కబుర్లు బహు స్వల్పం. భూమి ఎట్లు ఏర్పడినది, తొలి ప్రాణులెట్టివి, మానవుడెప్పుడు వచ్చినాడు, వ్రాత ఎట్లు పుట్టినది అను విషయాలే ఎక్కువ. నీటిలో దొర్లి దొర్లి నునుపు తేలిన గులకరాయిని చూచి దాని పూర్వకథను చదువుట ఎట్లో మొదట చెప్పి, నడుమ అడవులూ గుహలూ దాటించి, చివరకు రామాయణ మహాభారతాల ముంగిట పిల్లను నిలిపినారు. వేసవి ముగిసినది, పిల్ల కొండ దిగి వచ్చినది, ఉత్తరాలు ఆగిపోయినవి. 1929లో అవి పుస్తకమైనవి.

పిల్ల ఇంటికి వచ్చుటతో ఉత్తరాలు ఆగిపోవుట సహజమే. ఎదుట ఉన్నవారికి ఉత్తరమెందుకు? కాని ఇల్లు ఎట్టిదో తెలిసినవారు ఇంత సులభంగా సమాధానపడరు. ఆనందభవనం అప్పటికే సగం ఇల్లు, సగం కాంగ్రెసు విడిది. తండ్రి ఇంట నుండినపుడు కూడ ఆయన చుట్టూ మనుష్యులుండేవారు.

1921 డిసెంబరు 6వ తేదీన మోతీలాల్, జవహర్‌లాల్ ఒకే దినమున అరెస్టయినారు. తాతగారి విచారణ జరుగుతుండగా నాలుగేండ్ల ఇందిర ఆయన ఒడిలో కూర్చుండినది. జరిమానాలు చెల్లించుట కాంగ్రెసు విధానం కాదు గాన, పోలీసులు మాటిమాటికి వచ్చి తివాచీలూ సామాన్లూ ఎత్తుకొని పోయేవారు. ఈ నిత్యపు దోపిడీకి ఆ పసిపిల్ల పోలీసులతోనే తగవు పెట్టుకొనినదనీ, ఆ ముద్ర పోలీసులను గురించిన ఆమె అభిప్రాయాలపై ముందు ముందు కూడ ఉండవచ్చుననీ తండ్రి తన ఆత్మకథలో కొంత పరిహాసంగా వ్రాసినారు. చదువరి నవ్వుతాడు. ఆ నవ్వు ఆగిన తరువాత, ఆ పిల్లను ఊరుకోబెట్టుటకు ఆ ఇంట ఎవరున్నారని ప్రశ్నించుకొంటాడు.

నెహ్రూకు కుటుంబంతో ఎడతెగని కాలం దొరికినది ఒక్క పర్యాయమే అనవచ్చును. అదియును జబ్బు పుణ్యమా అని దొరికినది. కమలకు క్షయ సోకగా 1926 మార్చిలో ఆమెనూ ఇందిరనూ తీసికొని ఆయన జెనీవాకు పోయినారు. 1927 డిసెంబరులో గాని తిరిగి రాలేదు. జెనీవాలో పిల్లను పాఠశాలకు తానే తీసికొనిపోయి, తానే తీసికొని వచ్చేవారు. ఇరువది ఒక్క మాసాలు! అయితే ఆ కాలంలో సైతం బ్రస్సెల్సులో పీడిత జాతుల మహాసభ, మాస్కో ప్రయాణం ఆయనను పిలుచుకొని పోయినవి. పని తనను వదలిన దినమున ఆయనే పనిని వెదకికొని పోయేవారని నాకు తోచును.

ఇక రెండవ ఉత్తరాల కథ. ఇది మొదటి దానికంటె పెద్దది, విచిత్రమైనది.

1930 అక్టోబరు 26వ తేదీన నైనీ సెంట్రల్ జైలు నుండి నెహ్రూ ఇందిరకు పదమూడవ జన్మదినపు ఉత్తరం వ్రాసినారు. ఇందిర పుట్టినది 1917 నవంబరు 19. తేదీ కలియలేదేమని పాఠకులు అనుకొనవచ్చును. ఇంట సంవత్ పంచాంగం ప్రకారం తిథిని బట్టి జన్మదినం జరిపేవారు; ఆ ఏడు ఆ తిథి అక్టోబరు 26న వచ్చినది. కానుకలు కొని పంపుటకు ఖైదీకి వీలు లేదు గదా! అందుచేత ప్రపంచ చరిత్రనే కానుకగా పంపదలచినారు. అదే 'గ్లింప్సెస్ ఆఫ్ వరల్డ్ హిస్టరీ'కి ఆరంభం.

నైనీలో ఆయన దినచర్య ఎట్టిదో ఆత్మకథ చెబుతున్నది. తెల్లవారక మునుపే లేచేవారు. దాదాపు మూడు గంటలు నూలు వడికేవారు. మరి రెండు మూడు గంటలు నవారు నేసేవారు. మిగిలినది చదువుటకూ వ్రాయుటకూ. చేతికి అందిన పుస్తకాల నుండి గుర్తులు వ్రాసికొనిన నోటు పుస్తకాలే ఆయనకు గ్రంథాలయం. 1931 జనవరి 1వ తేదీన కమలను కూడ అరెస్టు చేసినారు. ఆనాడే ఆయన కుమార్తెకు నూతన సంవత్సరపు ఉత్తరం వ్రాసినారు. తల్లియు తండ్రియు చెరసాలలో నుండగా, పదమూడేండ్ల పిల్ల ఇంట నుండినది. జనవరి 26న ఆయన విడుదలయినారు. ఫిబ్రవరి 6న మోతీలాల్ మరణించినారు.

ఇక్కడ ఒక విషయం గమనించవలసి ఉన్నది. విడుదలయిన తరువాత ఈ ఉత్తరాలు దాదాపు నిలిచిపోయినవి. 1931 ఏప్రిల్ 21న సింహళానికి పోతున్న 'క్రకోవియా' ఓడలో, అరేబియా సముద్రంపై, ఒకటి వ్రాసినారు. అప్పుడు ఇందిర అదే ఓడలో ఉన్నది! ఆ ఓడ ప్రయాణం తరువాతి ఉత్తరం తేదీ 1932 మార్చి 26. నడుమ పదకొండు మాసాలు ఒక్కటి లేదు. 1931 డిసెంబరు 26న మరల అరెస్టయిన పిదప, చెరసాలలోనే తిరిగి కలం పట్టినారు. నైనీ నుండి బరేలీకి, అక్కడ నుండి డెహ్రాడూన్‌కు ఆయనను మార్చినారు; వ్రాత సాగుతూనే ఉన్నది. 1933 ఆగస్టు 9న నూట తొంబది ఆరవ ఉత్తరంతో ముగిసినది. అదే నెల 30న విడుదల. గ్రంథంలో చాల భాగం ఈ రెండవ నిర్బంధంలోనే పుట్టినది. స్వేచ్ఛగా తిరిగిన ఏడాదిలో కుమార్తెకు ప్రపంచ చరిత్రలో ఒక్క శతాబ్దమైనా చెప్పలేకపోయిన మనుష్యుడు, తాళం పడిన గదిలో సమకాలీన ఆర్థిక సంక్షోభం దాకా చెప్పినారు.

దీని నుండి జైలు మంచిదని తేల్చుట అవివేకం. తీరిక అనునది కాలపు పరిమాణం మాత్రమే కాదని మాత్రం నాకు స్పష్టపడినది. ఆయనకు వెలుపల కూడ దినానికి ఇరువది నాలుగు గంటలే. లోపల కూడ అంతే. వెలుపల ఆ గంటలను అడుగుటకు దేశమంతా ఉన్నది. లోపల అడుగువారు లేరు. అడుగువారు లేని గంటను ఆయన కుమార్తెకు ఇచ్చినారు. ఇతరులు ఆ గంటను నిద్రకో నిట్టూర్పుకో ఇచ్చి ఉండవచ్చును. ఇవ్వదలచుట ఆయన గొప్పతనం. ఇచ్చుటకు చెరసాల కావలసి వచ్చుట ఆ కాలపు దుఃఖం.

మా నాన్నగారిది బదిలీల ఉద్యోగం. ఆదివారం ఉదయం ఆయన నీలిరంగు ఇన్లాండు ఉత్తరం మూడు మడతలూ నింపి మాకు వ్రాసేవారు. అంచులలో కూడ చోటు వదిలేవారు కారు. సెలవులకు ఇంటికి వచ్చినపుడు మాత్రం ఆయన మాట్లాడేది తక్కువ. పత్రిక చదువుకొంటూ కూర్చునేవారు. చిన్నతనంలో నాకు ఉత్తరంలోని నాన్న, ఇంటిలోని నాన్న వేరువేరు మనుష్యులుగా కనిపించేవారు. ఎదుట నున్న బిడ్డతో మాట్లాడుటకు జంకి, దూరమున ఉన్న బిడ్డతో మనసు విప్పు తండ్రులు మన దేశంలో ఎందరో కలరు. నెహ్రూను చదువునప్పుడు ఈ సంగతి నాకు గుర్తుకు వచ్చుట సహజం.

ఆ ఉత్తరాలు వ్రాసిన కాలంలో ఒక చేదు ఘట్టం కలదు. 1932లో నెహ్రూ తల్లి స్వరూపరాణి, కమల, ఇందిర కలిసి, అలహాబాదు జిల్లా జైలులో ఉన్న బంధువును చూడబోయినారు. అక్కడి జైలరు వారిని అవమానించి వెలుపలికి పంపినాడు. ముసలి తల్లికి మరల అట్టి అవమానం కలుగరాదని నెహ్రూ తనను చూచుటకు ఎవ్వరూ రావలదని నిశ్చయించినారు. దాదాపు ఏడు మాసాలు, డెహ్రాడూన్ జైలులో, ఆయన తనవారి ముఖం చూడలేదు. ఆ మాసాలలోనూ చరిత్ర ఉత్తరాలు సాగినవి. పూనా పాఠశాలలో చదువుకొంటున్న పదునాలుగేండ్ల పిల్లకు తండ్రి సామ్రాజ్యాల ఉత్థాన పతనాలను వర్ణిస్తున్నారు. ఆ పిల్లకు సెలవులలో తండ్రిని చూచు అవకాశాన్ని తానే మూసివేసినారు. వెలుపలికి పంపు ఉత్తరాలకు కూడ లెక్క ఉండుటచేత, వ్రాసినవి వ్రాసినట్లు కట్టలుగా పేరుకొనిపోయినవి. చదువవలసిన వారికి అవి ఎప్పుడు చేరునో వ్రాయువారికే తెలియదు.

ఇది సరియైన నిర్ణయమా? ఆత్మగౌరవం దృష్టిలో సరియైనదే. తల్లి దృష్టిలో సరియైనదే. పదునాలుగేండ్ల ఆడపిల్ల దృష్టిలో ఏమో! 1989లోను, 1992లోను తండ్రీకూతుళ్ళ ఉత్తర ప్రత్యుత్తరాలు రెండు సంపుటాలుగా వెలువడినవి. తండ్రివి పొడవైనవి, సమగ్రమైనవి. కుమార్తెవి కొంత కురుచ. ఆమె తరచుగా వ్రాయుట లేదని తండ్రి నొచ్చుకొనుట కూడ ఉన్నది. చరిత్రను ఉత్తరాలలో అందుకొనిన బిడ్డ, తన వంతు వచ్చినపుడు మౌనం వహించుటకు కారణం సోమరితనమని నేను అనుకొనను.

కమల మాట చెప్పకున్న ఈ లెక్క పూర్తి కాదు. దేశకార్యంలో మునిగి తాను భార్యను దాదాపు గమనింపనే లేదని, ఆమెను ఆమె దారికే వదలివేసినానని నెహ్రూ ఆత్మకథలో ఒప్పుకొనినారు. ఆ ఆత్మకథ వ్రాసినది కూడ 1934-35 నాటి నిర్బంధంలోనే. ఆమెను గురించి ఆలోచించుటకు సైతం ఆయనకు చెరసాలయే చోటిచ్చినది.

1931 వేసవిలో సింహళం నుండి తిరిగి వస్తూ ఆ ముగ్గురూ దక్షిణదేశం చూచినారు. తిరువాన్కూరు, కొచ్చిన్, మలబారు, మైసూరు దాటి హైదరాబాదు చేరినారు. మన హైదరాబాదులో సరోజినీ నాయుడుగారి ఇంట దిగినారు. అక్కడ ఘోషా స్త్రీలు కొందరు కమలను చూడ వచ్చినారు. పురుషులు కల్పించిన కట్టుబాట్ల నుండి స్త్రీలు విడివడుటను గురించి ఆమె వారితో మాట్లాడినది. రెండు మూడు వారాల తరువాత ఒక భర్తగారు హైదరాబాదు నుండి ఆమెకు దీనంగా జాబు వ్రాసినాడు: ఆమె వచ్చి పోయిన నాటి నుండి తన భార్య తన మాట వినుట లేదట, ఎదురు వాదిస్తున్నదట! నెహ్రూ ఈ కథను ఆనందంతో చెప్పినారు. ఆ ప్రయాణపు పుటలలో కమల రోగిగా గాక, మాట గల మనిషిగా కనిపిస్తుంది. ఉద్యమం ఒకరిని కుటుంబం నుండి తీసికొనిపోయినదని మాత్రమే మనం అనుకొంటాము. అదే ఉద్యమం కమలకు కుటుంబంలో దొరకని చోటును ఇచ్చినదని మరచిపోతాము.

1934లో ఆమె జబ్బు తీవ్రమైనది. ఆగస్టులో నెహ్రూను పదకొండు దినాలు వెలుపలికి విడిచి, మరల లోపల వేసినారు. శిక్ష మిగిలిన కాలం రాజకీయాలకు దూరంగా ఉండునట్లు మాట ఇచ్చినచో భార్య వద్ద ఉండనిత్తుమని ప్రభుత్వం తరపున సూచనలు వచ్చినవి. తీరికను కొనవచ్చునన్న మాట. ధర ఒక్క మాట. ఆయన అంగీకరింపలేదు. అక్టోబరులో ఆమెను చూచుటకు తీసికొనిపోయినపుడు, తీవ్రమైన జ్వరంలో ఉన్న కమల ఆయనను వంగమని సైగ చేసి, ప్రభుత్వానికి మాట ఇచ్చుట ఏమిటి, ఇవ్వవద్దు అని చెవిలో చెప్పినది. కుటుంబానికి కాలం ఇవ్వలేదని భర్తను తప్పుపట్టు హక్కు ఎవరికైన ఉన్నచో ఆమెకు ఉన్నది. ఆమె ఆ హక్కును ఆ విధంగా వినియోగించినది. 1935 సెప్టెంబరు 4న ఆయనను విడిచినారు. విమానంలో యూరపునకు పోయి ఆమె ప్రక్కన చేరినారు. 1936 ఫిబ్రవరి 28న లోసాన్‌లో ఆమె కన్నుమూసినది. ఆత్మకథను ఇక లేని కమలకు అంకితమిచ్చినారు.

ఇట్టి పరీక్ష నెహ్రూ ఒక్కరిదే కాదు. 1942 ఆగస్టు 9 తరువాత అహమ్మద్‌నగరు కోటలో కాంగ్రెసు కార్యవర్గమంతా ఒకే ఆవరణలో నిర్బంధింపబడినది. మన పట్టాభి సీతారామయ్యగారు కూడ వారిలో ఉండినారు. అధ్యక్షులు మౌలానా ఆజాద్. కలకత్తాలో ఆయన భార్య జులేఖా బేగం మంచం పట్టినది. ఆయన బొంబాయికి బయలుదేరిననాడు ద్వారం దాకా వచ్చి సాగనంపినది; వీడ్కోలు తప్ప వేరొక మాట అనలేదు. వ్యాధి ముదిరిన వార్తలు వచ్చినవి. ప్రభుత్వానికి ఏమైన చెప్పుకొనదలచినచో పంపెదనని జైలు సూపరింటెండెంటు అన్నాడు. నెహ్రూ సైతం వచ్చి ఆ విషయం మాట్లాడినారు. ఆజాద్ ఏమియు అడుగలేదు. 1943 ఏప్రిల్ 9న ఆమె మరణించినది. పోస్టు కాని ఉత్తరాలుగా ఆయన ఒక మిత్రునికి వ్రాసికొనినవే 1946లో 'గుబార్-ఎ-ఖాతిర్' అను ఉర్దూ గ్రంథమైనవి. తేనీటి రుచి మొదలు పిచ్చుకల కాపురం దాకా అందులో లేని సంగతి లేదు. ఆ నడుమ ఒకచోట ఈ మరణవార్త. కోట ఆవరణలో ఒక పాత సమాధి ఉండినదట. ఎన్నో వందల సార్లు దానిని చూచినారు గాని, ఇప్పుడు చూచునపుడు దానిపై ఏదో క్రొత్త ఆత్మీయత కలుగుతున్నదని వ్రాసినారు. నేను ఆ పుటను అనువదింప యత్నించి రెండు పర్యాయాలు విరమించినాను. మాటలు దొరకక కాదు. దొరికిన మాటలన్నియు ఆయన అణచుకొనిన దానిని బయట పెట్టునట్లు ఉండినవి.

మరల ప్రేమ్‌చంద్ వద్దకు వద్దాము. ఆయనకు ఉత్తరాల అవసరం అంతగా లేదు. చాల కాలం ఇంటనే ఉండి వ్రాసిన మనిషి. 1921లో గోరఖ్‌పూరులో గాంధీజీ ఉపన్యాసం వినిన తరువాత, సుమారు ఇరువది ఏండ్ల సర్కారు కొలువును వదలుకొనునపుడు భార్య శివరాణీ దేవితో ఆలోచించినారు, ఆమె సరేనన్నది. ఆమె కథారచయిత్రి. ఉప్పు సత్యాగ్రహపు రోజులలో విదేశీవస్త్రాల దుకాణాల ఎదుట నిలిచి చెరసాలకు కూడ పోయినది. ఆ ఇంట చెరసాలకు పోయినది భర్త కాదు, భార్య! 1936లో ఆయన మరణించిన తరువాత, 1944లో, ఆమె 'ప్రేమ్‌చంద్: ఘర్ మేఁ' అను పుస్తకం వ్రాసినది. ఇంటిలోని ప్రేమ్‌చంద్. దానిలో సాహిత్యచర్చ లేకపోలేదు గాని, వంటలు, జబ్బులు, పిల్లలు, డబ్బు, అలుకలు, అర్ధరాత్రి సంభాషణలు ఎక్కువ. కుమారుడు అమృత్ రాయ్ 1962లో 'కలమ్ కా సిపాహీ' పేరుతో తండ్రి జీవితచరిత్ర వ్రాసినాడు. దానికి సాహిత్య అకాడమీ బహుమానం వచ్చినది.

ఈ రెండిళ్ళను ప్రక్క ప్రక్కన పెట్టి చూచినపుడు ఒక తేడా కనిపించును. నెహ్రూ ఇంటి ముచ్చటను మనకు ముఖ్యంగా చెప్పినవారు నెహ్రూయే. కమల పుస్తకం వ్రాయలేదు. ప్రేమ్‌చంద్ ఇంటి ముచ్చటను చెప్పినవారు ఆయన భార్యాబిడ్డలు. చెప్పుటకు తగినంత ఆయనను వారు చూచినారు. ఎవరు కుటుంబానికి ఎక్కువ కాలం ఇచ్చినారని తూనిక వేయుట నా ఉద్దేశం కాదు. ఇచ్చినది చేరినదా లేదా అని పుచ్చుకొనినవారే చెప్పవలెను. ఆ సాక్ష్యం ఒక ఇంట నిండుగా ఉన్నది, మరొక ఇంట కొఱతగా ఉన్నది. ఆనందభవనపు కథను చదువునప్పుడు ఈ కొఱతను మనస్సులో నుంచుకొనవలెను.

'గ్లింప్సెస్' 1934లో రెండు సంపుటాలుగా వెలువడినది. నాలుగేండ్ల తరువాత క్రొత్త ముద్రణ కొరకు నెహ్రూ దానికి ఒక అనుబంధం చేర్చినారు. దాని కింద స్థలం, తేదీ వేసినారు: అరేబియా సముద్రం, 1938 నవంబరు 14. అది ఆయన జన్మదినం. యూరపు నుండి స్వదేశానికి తిరిగి వస్తున్నారు. అబిసీనియా, స్పెయిను, చీనా, చెకోస్లొవేకియా - ఐదేండ్ల ప్రపంచ విపత్తులన్నియు అందులో కలవు. ఏడేండ్ల క్రిందట 'క్రకోవియా'లో వ్రాసినపుడు ఇందిర అదే ఓడలో ఉండినది. ఈసారి కూడ ఓడలోనే ఉన్నది. ఇరువది ఒకటవ ఏడు ఐదు దినాలలో నిండనున్నది. జబ్బుపడి చదువు నడుమ ఆపి తండ్రి వెంట ఇంటికి వస్తున్నది. కమల లేదు. ఆయన గదిలో కూర్చుండి, పిలిచిన పలుకు దూరంలో ఉన్న కుమార్తెకు ఆ దీర్ఘమైన ఉత్తరాన్ని ముగించినారు.